లవంగ నూనెను గుళికలో పెడితే బాక్టీరియా చస్తుందా?

చేగోడీల పిండిలోకి వామును ఎవరూ డబ్బాలోంచి నేరుగా ఒంపరు. అరచేతిలో పోసుకుని, రెండో అరచేత్తో గట్టిగా నలిపి, అప్పుడు వేస్తారు. అంతవరకూ ఓ మోస్తరుగా ఉన్న వాసన నలిపిన మరుక్షణం గుప్పున కొడుతుంది. వాము గింజ మీద నిలువుగా ఉండే గట్ల మధ్య, తొక్క కింద, నూనె నిండిన సన్నటి గొట్టాలుంటాయి. గింజ నలగనంత కాలం నూనె వాటిలోనే పదిలంగా ఉంటుంది. నెలల తరబడి డబ్బాలో పడి ఉన్నా పెద్దగా పోదు. అదే వామును పొడి కొట్టి పెడితే కొన్నాళ్లకే సారం తగ్గి చప్పబడుతుంది.

ఆవాలది ఇంకా పకడ్బందీ వ్యవహారం. ఆవగింజలో ఘాటు ముందే తయారై ఉండదు. దానికి కావలసిన ముడిసరుకు కొన్ని కణాల్లో, దాన్ని ఘాటుగా మార్చే ఎంజైమ్ వేరే కణాల్లో విడివిడిగా ఉంటాయి. గింజ నలిగి, తడి తగిలితేనే రెండూ కలుస్తాయి. తడి తగిలిన ఆవపిండి దగ్గర ముఖం పెడితే కాసేపటికి కళ్లలో నీళ్లు తిరగడం అందుకే. పురుగు కొరికినప్పుడు, కొరికిన చోటే, ఆ క్షణంలోనే ఆయుధం బయటికి తీయాలన్నది మొక్క లెక్క.

ఆహారంలో చేరే ప్రమాదకర బాక్టీరియాను మొక్కల సుగంధ తైలాలతో అదుపు చేయాలని చూస్తున్న శాస్త్రవేత్తలు చేస్తున్నది ఒక రకంగా ఈ ఏర్పాటును తిరిగి కట్టుకోవడమే. ముందు మొక్కకు ఆవిరి పట్టి నూనె తీస్తారు. తర్వాత ఆ నూనెను పిండిపదార్థంతోనో, ప్రొటీన్‌తోనో, కొవ్వుతోనో చేసిన, కంటికి ఆనని గుళికల్లో మళ్లీ పెడతారు. దీని మీద వచ్చిన పరిశోధన పత్రాల్లో చాలావరకు నూనె ఎంత శాతం లోపల ఇమిడిందో గొప్పగా చెబుతాయి. అసలు చిక్కు అక్కడ లేదు. లోపలికి వెళ్లిన నూనె ఎప్పుడు, ఎక్కడ, ఎంత బయటికి వస్తుందన్న దాంట్లో ఉంది.

వాము పువ్వు నుంచి లిస్టరిన్ దాకా

కలుషిత ఆహారం వల్ల ప్రపంచంలో ఏటా 60 కోట్ల మంది జబ్బు పడుతున్నారని, 4 లక్షల 20 వేల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది. చనిపోయేవాళ్లలో 1 లక్షా 25 వేల మంది అయిదేళ్ల లోపు పిల్లలు. సాల్మొనెల్లా, ఈ.కోలై, లిస్టీరియా, స్టాఫిలోకాకస్, బాసిల్లస్ సీరియస్ లాంటి బాక్టీరియా పేర్లు ఈ జబ్బుల వెనక తరచూ కనిపిస్తాయి. వీటిలో లిస్టీరియాకు ఒక పాడు గుణం ఉంది, అది ఫ్రిజ్‌లో కూడా పెరుగుతుంది. 2017-18లో దక్షిణాఫ్రికాలో పోలోనీ అనే మాంసం సాసేజ్ ద్వారా వ్యాపించి వెయ్యి మందికి పైగా సోకింది, రెండు వందల మందికి పైగా ప్రాణాలు తీసింది.

వీటి మీద పనిచేసే తైలాలు మనకు కొత్తవేమీ కావు. వాములో థైమాల్, లవంగంలో యూజినాల్, దాల్చినచెక్కలో సిన్నమాల్డిహైడ్, పిజ్జాల మీద చల్లే ఒరెగానోలో కార్వక్రాల్ ఉంటాయి. లవంగ నూనెలో యూజినాల్ ఒక్కటే మామూలుగా 70 నుంచి 90 శాతం. పంటినొప్పికి లవంగ నూనెలో ముంచిన దూది పెట్టుకునేది దాని కోసమే. పాత ఇళ్లలో ఉండే అమృతధార సీసాలోని వాముపువ్వు అంటే స్ఫటికం కట్టిన థైమాలే. వాముపువ్వు, పుదీనాపువ్వు, ముద్దకర్పూరం మూడూ గట్టి పదార్థాలే అయినా, ఒక సీసాలో వేస్తే వాటంతటవే ద్రవంగా మారిపోతాయి. పిల్లలకు అదొక మాయ. నోరు పుక్కిలించే లిస్టరిన్‌లోనూ థైమాల్ ఉంది. ఆపరేషన్లలో క్రిమిసంహారకాలు వాడే పద్ధతికి బాటవేసిన జోసెఫ్ లిస్టర్ పేరు మీద ఆ మందుకు ఆ పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే లిస్టీరియా బాక్టీరియాకు పెట్టిందీ ఆయన పేరే.

ఈ తైలాలు బాక్టీరియాను ఎలా దెబ్బతీస్తాయన్నది చాలావరకు తేలిన విషయం. ప్రతి బాక్టీరియా కణం చుట్టూ కొవ్వు పదార్థంతో అల్లిన పలచటి పొర ఉంటుంది. థైమాల్, కార్వక్రాల్ లాంటివి నీటిని ఇష్టపడవు, కొవ్వు కనిపిస్తే అటే పోతాయి. నీటిలో తేలుతున్న థైమాల్ అణువుకు దగ్గరలో దొరికే కొవ్వు బాక్టీరియా పొరే. అందులోకి చొరబడుతుంది, పొర అల్లిక వదులవుతుంది, లోపలున్న పొటాషియం అయాన్లు కారిపోతాయి, కణం శక్తిని తయారు చేసుకునే యంత్రాంగం పడకేస్తుంది. సిన్నమాల్డిహైడ్ ఇంకో అడుగు ముందుకేసి ప్రొటీన్లకే అతుక్కుని వాటి పని చెడగొడుతుంది. ఒకే తాళంచెవి రంధ్రంలో దూరే యాంటీబయాటిక్‌లా కాకుండా ఇల్లంతా కుదిపే పద్ధతి ఇది. అందుకే వీటికి నిరోధకత త్వరగా రాదని ఆశ. కానీ అసలే రాదనుకోవడం అత్యాశ. చాలీచాలని మోతాదు తగిలిన బాక్టీరియా తన పొరలోని కొవ్వుల పాళ్లు మార్చుకుని సర్దుకోవడం ప్రయోగశాలల్లో కనిపిస్తూనే ఉంది. సాల్మొనెల్లా, ఈ.కోలైలకు పైన ఇంకో పొర అదనంగా ఉంటుంది కాబట్టి లిస్టీరియా, స్టాఫిలోకాకస్‌లంత తేలిగ్గా లొంగవు.

మయోనైజ్ పరీక్ష

పరీక్షనాళికలో పోషక ద్రవం పోసి, అందులో బాక్టీరియా వదిలి, థైమాల్ కలిపితే మిల్లీలీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల దగ్గర చాలా రకాల బాక్టీరియా ఎదగడం ఆగిపోతుంది. కిలోకు లెక్క కడితే సుమారు పావు గ్రాము నుంచి అర గ్రాము. బాగానే ఉందనిపిస్తుంది. కానీ పరీక్షనాళికలో కొవ్వు ఉండదు. ఆహారంలో ఉంటుంది.

నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన సారా బర్ట్ 2004లో అంతవరకు వచ్చిన పరిశోధనలన్నీ ముందేసుకుని ఒక సమీక్ష రాశారు. ఈ రంగంలో ఇప్పటికీ అందరూ తిరగేసే పత్రం అది. పరీక్షనాళికలో సరిపోయిన మోతాదు వెన్న సగం తీసిన పాలలో పనిచేయాలంటే రెండు రెట్లు, సూపులో 50 రెట్లు, మెత్తటి చీజ్‌లో 25 నుంచి 100 రెట్లు కావలసి వస్తుందని ఆమె చూపించారు. ఆ లెక్కను పావు గ్రాముకు వర్తింపజేస్తే కిలో చీజ్‌కు ఆరు గ్రాములు దాటి పాతిక గ్రాముల దాకా పోతుంది. అంత థైమాల్ కలిపితే బాక్టీరియా సంగతేమో గానీ మనిషి మాత్రం ఆ చీజ్ జోలికి పోడు. పులావులో ఒక లవంగం పంటికింద పడితేనే ముఖం చిట్లించుకుంటాం.

హైదరాబాద్‌కు బాగా తెలిసిన ఉదాహరణ మయోనైజ్. 2024 అక్టోబరులో నగరంలో మోమోలు తిన్నవాళ్లు పదుల సంఖ్యలో అస్వస్థులై, ఒక మహిళ చనిపోయాక, పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్ తయారీని, నిల్వను, అమ్మకాన్ని తెలంగాణ ప్రభుత్వం అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో తమిళనాడు అదే పని చేసింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉండే ప్రమాదం ఉంది కాబట్టి, అందులో కాస్త లవంగ నూనెనో వాము నూనెనో కలిపేస్తే సరిపోదా అని ఎవరికైనా అనిపించవచ్చు.

సరిపోదు. అమెరికా ప్రమాణాల ప్రకారం మయోనైజ్ అనిపించుకోవాలంటే బరువులో కనీసం 65 శాతం వంటనూనె ఉండాలి. తెల్లటి ముద్దలా కనిపించే ఆ పదార్థం నిజానికి పక్కపక్కన కుక్కిన నూనె బొట్లు, వాటి మధ్య సందుల్లో కాసిన్ని నీళ్లు. సాల్మొనెల్లా ఉండేది ఆ సందుల్లోని నీటిలోనే. థైమాల్ వెళ్లేది మాత్రం నూనెలోకి. ఎంతగా అంటే, ఆక్టనాల్ అనే నూనెలాంటి ద్రవాన్ని, నీటిని ఒకే పాత్రలో పోసి థైమాల్ కలిపితే నీటిలో ఒక పాలు మిగిలేచోట ఆక్టనాల్‌లోకి దాదాపు రెండు వేల పాళ్లు చేరుతుంది. వంటనూనెలో ఈ సంఖ్య కొంత మారుతుంది, కథ మారదు. కొవ్వు మీద మోజుతోనే బాక్టీరియాను పట్టుకునే పదార్థాన్ని కొవ్వు మడుగులో వదిలితే అది బాక్టీరియా మొహం కూడా చూడదు.

గుళికలు వచ్చింది ఈ చిక్కు విప్పడానికే. నూనె ఆవిరైపోకుండా, గాలి తగిలి చెడకుండా, వాసన ముందే బయటపడకుండా, ఆహారంలోని కొవ్వు, ప్రొటీన్లు లాగేసుకోకుండా కాపాడి బాక్టీరియా ఉన్నచోటికి చేర్చడం వాటి పని. నూనె బలాన్ని అవి పెంచవు. ఈ ఒక్క మాట చాలా వార్తల్లో గల్లంతవుతుంది.

రకరకాల సంచులు

అన్నిటికంటే పాతది, చవకైనది స్ప్రే డ్రైయింగ్. పాలపొడి చేసే యంత్రమే. నూనెను తుమ్మజిగురు జాతికి చెందిన గమ్ అరబిక్ ద్రావణంలో చిలికి, 150 డిగ్రీలు దాటిన వేడిగాలిలోకి తుంపరగా చిమ్ముతారు. నీరు క్షణంలో ఆవిరై, జిగురు గోడలో నూనె చిక్కుకున్న పొడి రాలుతుంది. ఇన్‌స్టంట్ సూపుల వాసన, చూయింగ్ గమ్ రుచి చాలావరకు ఇలా వచ్చినవే. బస్తాలో ఉన్నంతసేపు ఈ పొడి భేషుగ్గా ఉంటుంది. తడి తగిలిందా, జిగురు కరిగి నూనె మొత్తం ఒక్కసారిగా బయటపడుతుంది. తడి లేని ఆహారంలో బాక్టీరియా ఎలాగూ పెరగదు, తడి ఉన్నచోట ఈ గోడ నిలవదు. నిల్వకు మంచిదే, పోరాటానికి అంతగా కాదు.

సైక్లోడెక్స్‌ట్రిన్‌ది ఇంకో పద్ధతి. పిండిపదార్థాన్ని ఎంజైమ్‌తో కత్తిరించి చేసే ఈ అణువు ఏడు గ్లూకోజ్ పూసలను గుండ్రంగా గుచ్చిన గాజులా ఉంటుంది. గాజు బయటి వైపు నీటితో కలిసిపోతుంది, లోపలి వైపు నూనె అణువును పట్టుకుంటుంది. ఒక గాజులో సాధారణంగా ఒక అణువు. చూడముచ్చటైన ఏర్పాటే గానీ బరువు లెక్క వేస్తే ఉత్సాహం తగ్గుతుంది. గాజు బరువు 1135 అయితే థైమాల్ బరువు 150. మనిషి బరువులో కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములకు మించి బీటా సైక్లోడెక్స్‌ట్రిన్ తినకూడదని అంతర్జాతీయ నిపుణుల సంఘం పరిమితి పెట్టింది. అరవై కిలోల మనిషికి అది 300 మిల్లీగ్రాములు. అంటే రోజు మొత్తానికి దాని ద్వారా తినగలిగే థైమాల్ 40 మిల్లీగ్రాములు. కిలో ఆహారానికి వందల మిల్లీగ్రాములు కావలసిన చోట ఇది ఏ మూలకు?

పరిశోధకులకు ఇప్పుడు ఎక్కువ మోజు నానో ఎమల్షన్ల మీద ఉంది. నూనెను, నీటిని, రెండింటినీ కలిపి ఉంచే పదార్థాన్ని తీవ్రమైన ఒత్తిడితో సన్నటి సందుల్లోంచి నెడితే నూనె బొట్లు చితికి 100 నానోమీటర్ల ప్రాంతానికి వస్తాయి. వెంట్రుక మందంలో అది ఏడెనిమిది వందల వంతుల్లో ఒకటి. పది మైక్రాన్ల బొట్టును ఆ సైజుకు చితక్కొడితే అదే నూనెకు వంద రెట్లు ఎక్కువ ఉపరితలం వస్తుంది, నీటిలోకి అణువులు త్వరగా దిగుతాయి. బొట్టు ఏకంగా బాక్టీరియా లోపలికి దూరిపోతుందని రాసేవాళ్లూ ఉన్నారు. ఆ మాటను కాస్త ఆగి వినాలి. బొట్టులోంచి నీటిలోకి, నీటిలోంచి పొరలోకి విడి అణువులుగా ప్రయాణించినా ఇదే ఫలితం వస్తుంది.

ఈ చిన్న బొట్లతో ఒక తలనొప్పి ఉంది. థైమాల్ నీటిలో కొద్దికొద్దిగా కరుగుతుంది. చిన్న బొట్టులోంచి కరిగిన అణువులు వెళ్లి పెద్ద బొట్టులో చేరతాయి. చిన్నవి చిక్కిపోతూ పెద్దవి బలుస్తూ పోయి, కొన్నాళ్లకు సీసాలో నూనె తెట్టు కడుతుంది. దీనికి మందు తెలిసిందే, నీటిలో బొత్తిగా కరగని మొక్కజొన్న నూనె లాంటిది కాస్త కలపాలి. బొట్లు అప్పుడు నెలల తరబడి కదలకుండా ఉంటాయి. కానీ పరీక్షిస్తే బాక్టీరియాను చంపే శక్తి పడిపోతుంది. కారణం మయోనైజ్‌లో చూసిందే. థైమాల్‌కు బొట్టులోనే కమ్మటి కొవ్వు దొరికాక బయటికి రావడానికి మనసొప్పదు. ఎమల్షన్ ఎంత నిలకడగా ఉంటే అంత పనికిమాలినదయ్యే పరిస్థితి. నూనెను, నీటిని కలిపి ఉంచడానికి మోతాదు మించి వేసిన ట్వీన్ 80 లాంటి పదార్థాలూ నూనె అణువులను తమ గుంపులో దాచుకుని ఇదే అన్యాయం చేస్తాయి.

కైటోసాన్ గుళికల సంగతి ఆంధ్రప్రదేశ్‌కు దగ్గరిది. దేశంలో రొయ్యల సాగులో ముందున్న రాష్ట్రం కాబట్టి, భీమవరం, నెల్లూరు ప్రాంతాల శుద్ధి కేంద్రాల్లో తలలు, పెంకులు గుట్టలుగా మిగులుతాయి. ఆ పెంకుల్లోని కైటిన్‌ను గాఢమైన క్షారంలో ఉడికిస్తే కైటోసాన్ వస్తుంది. దాన్ని పలచటి ఆమ్లంలో కరిగించి, నూనె చిలికి, ట్రైపాలీఫాస్ఫేట్ ద్రావణం బొట్లుబొట్లుగా వేస్తే అక్కడికక్కడే నానో గుళికలు కడతాయి. ఖరీదైన యంత్రం అక్కర్లేదు, బాగా తిప్పే పరికరం ఉంటే చాలు. కైటోసాన్‌కు ధనావేశం, బాక్టీరియా పైభాగానికి రుణావేశం కాబట్టి గుళిక తానే వెళ్లి అతుక్కుంటుంది. పైగా కైటోసాన్ స్వయంగా బాక్టీరియాకు శత్రువు. ఇన్ని సుగుణాలున్నా ఆమ్లగుణం లేని పాలలాంటి వాటిలో ఇది కరగదు, ముద్ద కడుతుంది. ఇంకో సంగతి పరిశోధన పత్రాల్లో అరుదుగా కనిపిస్తుంది. రొయ్య పెంకు నుంచి వచ్చిన పదార్థం కలిస్తే మన దేశంలో ఆ ఆహారం మీద ఆకుపచ్చ గుర్తు వేయడం కుదరదు. పనీర్ మీద, కోసిన పండ్ల మీద పూద్దామనుకునేవాళ్లు ముందు ఆలోచించాల్సింది దాని గురించే. శిలీంధ్రాల నుంచి తీసే కైటోసాన్ ఉంది, అయితే అప్పుడు రొయ్య పెంకుల కథే అక్కర్లేదు.

తాళం ఎవరు తీయాలి

కార్బన్ పేపర్ లేకుండా రెండో కాగితం మీదికి రాత దిగే రసీదు పుస్తకాలు అందరూ చూసినవే. పై కాగితం వెనకాల జెలటిన్, గమ్ అరబిక్‌తో చేసిన సూక్ష్మ గుళికల్లో రంగు పదార్థం ఉంటుంది. 1950లలో అమెరికాలోని ఎన్‌సీఆర్ కంపెనీ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. గుళికల పరిశ్రమకు ఒక రకంగా పుట్టిల్లు అది. ఆ పుస్తకం విజయ రహస్యం గుళిక గట్టితనంలో లేదు. పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చినా పగలదు, పెన్ను మొన తగిలితే పగులుతుంది. ఏ ఒత్తిడికి పగలాలో దానికి తెలుసు.

ఆహారంలో ఆ పెన్ను మొన పని ఎవరు చేయాలి? బాక్టీరియా చేతే చేయించాలన్నది ఈ రంగంలో వచ్చిన తెలివైన ఆలోచనల్లో ఒకటి. బాసిల్లస్ సీరియస్ తన తిండి కోసం ప్రొటీన్లను నరికే ఎంజైమ్‌లు వదులుతుంది. గుళిక గోడలో పాల ప్రొటీన్ అయిన కేసీన్‌ను పెడితే, బాక్టీరియా దాన్ని కొరికి తలుపు తానే తెరుచుకుంటుంది, లోపలున్న లవంగ నూనె మీద పడుతుంది. స్టాఫిలోకాకస్ వదిలే విషాల్లో కొన్ని కొవ్వు పొరలకు చిల్లులు పొడుస్తాయి. లెసిథిన్ కొవ్వుతో చేసిన లైపోజోమ్ గుళికలకూ అవే చిల్లులు పడతాయి. బాక్టీరియా లేకపోతే గుళిక మూసే ఉంటుంది, వాసనా రాదు. ఆవగింజకు పురుగు పట్ల ఉన్న లెక్కే ఇక్కడా. ప్రయోగశాలలో ఇవి పనిచేసి చూపించాయి. అయితే ఆహారంలో ప్రొటీన్లు నరికే ఎంజైమ్‌లు బాక్టీరియా దగ్గరే ఉండవు. మాంసంలో, పచ్చి పాలలో, బొప్పాయిలో సహజంగానే ఉంటాయి. తలుపు ఎవరు తట్టారో గుళికకు తెలియదు.

ఫలితాలు చదివేటప్పుడు ఇంకో లెక్క గుర్తుంచుకోవాలి. ‘99.9 శాతం బాక్టీరియా నశించింది’ అన్న వాక్యం గొప్పగా వినిపిస్తుంది. మైక్రోబయాలజీ వాళ్లు దీన్ని మూడు లాగ్‌ల తగ్గుదల అంటారు. గ్రాముకు పది లక్షలున్నవి వెయ్యికి తగ్గాయన్నమాట. అనుకూలమైన వేడిలో సాల్మొనెల్లా లాంటిది సుమారు 20 నిమిషాలకు రెట్టింపవుతుంది. వెయ్యి మళ్లీ పది లక్షలు కావడానికి పది రెట్టింపులు చాలు, అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు. మధ్యాహ్నం ఒంటిగంటకు సాధించిన విజయం సాయంత్రం టీ వేళకు ఆవిరి. అమెరికాలో పళ్ల రసాలకు 2001లో పెట్టిన నిబంధన అయిదు లాగ్‌లు తగ్గించాలంటుంది. సుగంధ తైలాల గుళికలు ఒంటరిగా అంత దూరం వెళ్లడం కష్టం. వేడి, ఆమ్లం, చల్లదనం పక్కన ఉంటే ఆ చివరి ఒకటి రెండు లాగ్‌లు జోడించగలవు.

వీటికి అసలే లొంగనివి రెండున్నాయి. బాసిల్లస్ సీరియస్ విత్తనాల్లాంటి స్పోర్‌లు అన్నం ఉడికినా చావవు. తైలాలు అవి మొలకెత్తడాన్ని ఆలస్యం చేయగలవు, చంపలేవు. రెండోది ఆ బాక్టీరియా ముందే వదిలి వెళ్లిన విషం. వాంతులు కలిగించే సెరియులైడ్ 121 డిగ్రీల వేడికి కూడా చెక్కుచెదరదు. రాత్రంతా బయట ఉన్న బిర్యానీలో బాక్టీరియాను చంపినా విషం విషంగానే మిగులుతుంది.

కోడి పేగులో దొరికిన సరైన చోటు

ఇన్ని అడ్డంకులు చెప్పుకున్నాక, ఈ గుళికలు నిజంగా వ్యాపారంగా నిలదొక్కుకున్న చోటు ఏదని చూస్తే అది మనిషి కంచం కాదు, కోళ్ల దాణా.

కోళ్లు త్వరగా బరువెక్కడానికి దాణాలో యాంటీబయాటిక్‌లు కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపేసింది. మనిషికి చివరి అస్త్రంలా దాచుకోవాల్సిన కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఆహార జంతువులకు వాడకుండా భారత ప్రభుత్వం 2019 జులైలో నిషేధించింది. ఆ ఖాళీలోకి వచ్చినవాటిలో థైమాల్, సిన్నమాల్డిహైడ్, కార్వక్రాల్ ఉన్నాయి. మామూలు నూనెను దాణాలో కలిపితే రెండు చోట్ల దెబ్బ తింటుంది. దాణాను గుళ్లుగా అచ్చు వేసేటప్పుడు పట్టే ఆవిరి వేడికి కొంత ఎగిరిపోతుంది. మిగిలినది కోడి పేగు మొదటి భాగంలోనే రక్తంలోకి ఇంకిపోతుంది. సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ లాంటివి తిష్ట వేసేది పేగు చివరి భాగంలో, అక్కడికి చేరేది దాదాపు సున్నా.

ఇక్కడ గుళిక గోడను గట్టిపరిచిన వనస్పతి లాంటి కొవ్వుతో చేస్తారు. నూనె అందులోంచి బయటికి రావడానికి మొండికేయడమే ఈసారి కలిసొస్తుంది. దాణా తయారీలో, కోడి పొట్టలో ఆ కొవ్వు నూనెను పట్టుకుని ఉంటుంది. పేగులోకి దిగాక కొవ్వును జీర్ణం చేసే లైపేజ్ ఎంజైమ్ గోడను మెల్లమెల్లగా కొరుకుతుంది, నూనె కొద్దికొద్దిగా విడుదలవుతూ కిందికి ప్రయాణిస్తుంది. తాళంచెవి పట్టుకున్నది కోడి. మయోనైజ్‌లో లేనిది సరిగ్గా ఇదే. వాసన సమస్య కూడా పెద్దగా లేదు, కోడి ఫిర్యాదు చేయదు. ఫలితాలు ఫారం ఫారంకూ మారతాయి. దాణా, నేల మీది పొట్టు, అప్పటికే ఉన్న జబ్బులు అన్నీ అందులో చేయి పెడతాయి. అయినా గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానంలో ఉన్న ఆంధ్రప్రదేశ్‌కు, దాని నుంచి గుడ్లు కొనుక్కునే రాష్ట్రాలకు ఈ దారి మీద కన్నేయడం అవసరమే. గుడ్డు లోపలికి సాల్మొనెల్లా చేరే దారుల్లో ఒకటి కోడి ఒంట్లోనే మొదలవుతుంది.

రెండో దారి నూనెను ఆహారంలో కలపకుండా ప్యాకెట్ గోడకు అప్పగించడం. జపాన్‌లో మధ్యాహ్నం తినే బెంతో డబ్బాల్లో ఆవాల ఘాటు, వసాబి ఘాటు పట్టించిన పలచటి షీట్లు పెట్టే అలవాటు ఉంది. ఆవిరి ఆహారం పైభాగాన్ని కాపాడుతుంది, మోతాదు తక్కువ చాలు. సైక్లోడెక్స్‌ట్రిన్ గాజులు ఇక్కడ బాగా పనికొస్తాయి. తినేది కాదు కాబట్టి మోతాదు పరిమితి గొడవ లేదు. గాలిలో తేమ పెరిగితే గాజు పట్టు వదిలి ఘాటు బయటికి వస్తుంది. ఆహారం తడిసిన చోటే బాక్టీరియా చెలరేగుతుంది కాబట్టి ఆ తేమే గంట కొట్టినట్టు. కోసిన పండ్లకు, బ్రెడ్‌కు, మాంసం పైభాగానికి ఇది నప్పుతుంది. కైమాలాంటి వాటికి నప్పదు, బాక్టీరియా ముద్ద లోపల ఉంటుంది.

కాయగూరలు, మొలకల గింజలు కడగడంలోనూ నానో ఎమల్షన్లను ప్రయత్నిస్తున్నారు. 2011లో జర్మనీలో మొలకల వల్ల ఈ.కోలై వ్యాపించి యాభై మందికి పైగా చనిపోయారు. దర్యాప్తు చివరికి ఈజిప్టు నుంచి వచ్చిన మెంతుల దగ్గర ఆగింది. గింజ ముడతల్లో దాక్కున్న బాక్టీరియా దగ్గరికి క్లోరిన్ నీళ్లు సరిగ్గా చేరవు. చిన్న బొట్లు కొంత మెరుగ్గా చేరతాయి, కలుషితం తక్కువగా ఉంటే పని జరుగుతుంది. ఎక్కువగా ఉంటే ఇక్కడా చాలదు.

మన దేశంలో నానో పదార్థాలున్న వ్యవసాయ, ఆహార ఉత్పత్తులను ఎలా పరీక్షించాలో చెప్పే మార్గదర్శకాలు 2020 జులైలో వచ్చాయి. లవంగ నూనె తరతరాలుగా తింటున్నదే కదా అన్న వాదన వాటి ముందు పూర్తిగా నిలవదు. తింటున్నది నూనెను, వంద నానోమీటర్ల బొట్టును, దాని చుట్టూ ఉన్న గోడను కాదు. గోడలో వాడిన ప్రొటీన్ ఎవరికైనా పడదా, మోతాదు ఎంత అన్నవన్నీ వేరువేరుగా తేలాలి.

మయోనైజ్ విషయానికొస్తే, దానికి దారులు ఎప్పటినుంచో ఉన్నాయి. పాశ్చరైజ్ చేసిన గుడ్లు వాడటం, వెనిగర్‌తో పులుపు తగినంత ఉంచడం, గుడ్డే లేకుండా చేయడం. మరి ఆవిరి షీటును కప్పు మూతకు అంటిస్తే? కప్పులో నూనె లేని చోటు మూత కింది ఆ అంగుళం ఖాళీ ఒక్కటే. షీటు వదిలిన ఆవిరి అక్కడ కాసేపే ఉండి, చివరికి చేరేది కింద ఉన్న నూనెలోకే.